గ్రాండ్ ప్రీ లెజెండ్స్: 1967 నాటి రేసు కారును ఈనాటి కంప్యూటర్‌పై నడపడం ఎలా?

ఈ ఆటను తొలిసారి తెరిచి మొదటి మలుపు క్షేమంగా దాటినవాళ్ళు చాలా అరుదు. యాక్సిలరేటర్ నొక్కగానే వెనుక చక్రాలు గిర్రున తిరుగుతాయి, కారు బొంగరంలా తిరిగి గడ్డిలోకి పోతుంది. రెండోసారీ అంతే, పదోసారీ అంతే. ఎంతోమంది అక్కడే డిస్కు తీసి అటక మీద పెట్టేశారు. మీరు ఆ పని చేయకుండా ఉండాలనే ఈ వ్యాసం రాస్తున్నాను. ఇన్నేళ్ళలో నేను ఆడిన కారు ఆటలన్నింటిలో చేతికీ కాలికీ నిజంగా ఏదో నేర్పింది ఇదొక్కటే.

నేను దీన్ని తొలిసారి చూసింది 2001 దసరా సెలవుల్లో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీద ఉండే నెట్ సెంటర్‌లో. కింద వీధంతా సిరిమానోత్సవానికి వచ్చిన జనం. పైన ఒక మూల కంప్యూటర్‌లో ఎర్ర కారు ముక్కు, దానికి రెండు పక్కలా తెరచి ఉన్న చక్రాలు, చెవులు హోరెత్తించే ఇంజిను. ఆ చక్రాలు మలుపులో ఒక్కొక్కటీ వేరువేరుగా పైకీ కిందికీ ఊగడం చూసి అక్కడే నిలబడిపోయాను. అప్పటిదాకా నేను చూసిన కారు ఆటల్లో కారు ఒక పెట్టె. ఇందులో మాత్రం నాలుగు చక్రాల మీద నిలబడిన బరువు.

ఆటను తయారు చేసింది అమెరికాలోని పాపిరస్ అనే సంస్థ. సియెరా సంస్థ దాన్ని 1998లో విడుదల చేసింది. వెనకున్న ముఖ్యమైన మనిషి డేవిడ్ కేమర్. 1989లో ఇండియానాపొలిస్ 500 సిమ్యులేషన్ చేసిందీ, తరువాత నాస్కార్ రేసింగ్ ఆటలు చేసిందీ ఈ పాపిరస్ వాళ్ళే. కేమర్ ఆ తరువాత 2004లో, ఇంటర్నెట్‌లో రేసులు నడిపే ఐరేసింగ్ సంస్థను మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడు. ఈరోజు ఇంటర్నెట్‌లో రేసులు ఆడుతున్న కుర్రవాళ్ళ కాళ్ళ కింద ఉన్న పునాది రాయి ఈ పాత ఆటే.

డిస్కు, ఫోల్డరు, ప్యాచ్‌లు

మొదటి పని డిస్కు చూసుకోవడం. మన ఉత్తర కోస్తా గాలిలో ఉండే తేమకు పాత సీడీల మీద బూజు పొరలా పడుతుంది. మెత్తటి నూలు గుడ్డను నీళ్ళతో కొద్దిగా తడిపి, మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే పడే గీతల వల్ల డిస్కు చదవడం కష్టమవుతుంది. ఆరాక, వేరే ఏ పనికన్నా ముందు డిస్కులో ఉన్నదంతా హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. నా మొదటి సీడీ ఇలా కాపీ చేయకముందే పాడైంది. రెండోదాని కోసం మూడేళ్ళు వెతికాను.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ చూపించే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరును ఒప్పుకోకండి. ఆట మీ ల్యాప్ (ఒక చుట్టు) సమయాలనూ, కారుకు మీరు చేసుకున్న మార్పులు, అంటే సెటప్‌లనూ తన ఫోల్డరులోనే రాసుకుంటుంది, కొత్త విండోస్ అక్కడ రాయనివ్వదు. డీ డ్రైవులో విడిగా ఒక ఫోల్డరు చేసి అందులో పెట్టండి. ఆ తరువాత పాపిరస్ స్వయంగా ఇచ్చిన 1.2 ప్యాచ్, అంటే ఆటను సరిదిద్దే ఫైలు, వేయండి. అసలు ఆట వేగమైన ప్రాసెసర్ల మీద తెరుచుకోదు, దానికి అభిమానులు చేసిన ఫాస్ట్ సీపీయూ ప్యాచ్ ఉంది. ఆట వచ్చిన రోజుల్లో వూడూ, రెండిషన్ అనే గ్రాఫిక్స్ కార్డులు రాజ్యమేలుతుండేవి. ఇప్పుడవి లేవు కాబట్టి ఇప్పటి కార్డులకు అర్థమయ్యే ఓపెన్‌జీఎల్ లేదా డైరెక్ట్3డీ కోసం వేరుగా చేసిన ఫైలు వాడాలి. ఇవన్నీ ఒక్కొక్కటిగా వేసే ఓపిక లేకపోతే, అన్నింటినీ కలిపి వేసే ఇన్‌స్టాలర్లను అభిమానులు ఏనాడో తయారు చేశారు.

అసలు ఆట సెకనుకు 36 చిత్రాలకు మించి చూపించదు. 60కి పెంచే ప్యాచ్ ఉంది, తప్పకుండా వేసుకోండి. మలుపులో తోక జారడం మొదలైన క్షణాన్ని కన్ను ఎంత ముందుగా పట్టుకుంటే చేయి అంత ముందుగా కదులుతుంది.

ఇంకొక మాట. వేసవి సాయంత్రాల్లో మన దగ్గర కరెంటు సంగతి మీకు తెలిసిందే. యూపీఎస్ లేకుండా పొడవాటి రేసు మొదలుపెట్టకండి.

బల్ల, చక్రం, పెడల్స్

కీబోర్డుతో ఈ ఆట ఆడవద్దు. మీటకు రెండే స్థితులు, నొక్కడం, వదలడం. ఈ కారుకు కావలసింది ఆ రెండింటి మధ్య ఉన్న వంద స్థితులు. పాతదైనా సరే, పెడల్స్‌తో ఉన్న స్టీరింగ్ చక్రం సంపాదించండి.

చక్రాన్ని బిగించే బల్ల బరువుగా ఉండాలి. ప్లాస్టిక్ బల్ల కారుతో పాటు వణుకుతుంది. మా ఇంట్లో నాన్నగారు లెక్కలు రాసుకునే టేకు బల్ల దీనికి సరిగ్గా సరిపోయింది. బిగించేచోట మందపాటి గుడ్డ మడిచి పెడితే చెక్క నొక్కుకుపోదు. గచ్చు నేల మీద పెడల్స్ జారిపోతుంటాయి. గట్టిగా బ్రేకు నొక్కినప్పుడల్లా పెడల్ వెనక్కి పోతే కాలికి ఎప్పటికీ కొలత తెలియదు. తడిపి పిండిన గోనెపట్టా ఒకటి కింద పరచండి, కదలదు. కుర్చీకి చక్రాలుంటే ఆ కుర్చీ పక్కన పెట్టి చెక్క కుర్చీ వేసుకోండి.

ఆటలో కంట్రోల్స్ దగ్గరకు వెళ్ళి చక్రాన్నీ పెడల్స్‌నూ కాలిబ్రేట్ చేయండి, అంటే అవి ఎంత దాకా కదులుతాయో ఆటకు చూపించండి. పెడల్ చివరిదాకా నొక్కి, పూర్తిగా వదిలి, రెండుసార్లు చేయండి. స్టీరింగ్ లీనియారిటీ అని ఒకటుంటుంది. చక్రం వాడేవాళ్ళు దాన్ని పూర్తిగా లీనియర్ వైపు పెట్టుకోవాలి. అంటే చేయి తిప్పినంతకు కారు తిరుగుతుంది, మధ్యలో ఆట తన తెలివి కలపదు. బ్రేకుకు, యాక్సిలరేటర్‌కు, గేరుకు సాయం చేసే ఎంపికలు కూడా ఉంటాయి. గేరు సాయం మొదటి రెండు రోజులు ఉంచుకోవచ్చు. మిగతావి మొదటి రోజే తీసేయండి. వాటితో నేర్చుకున్న కాలు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది.

నడపబోయే బండి ఏమిటో తెలుసుకోండి

ఇది తెలియకుండా ట్రాక్ మీదికి వెళ్ళడం వల్లే మొదటి మలుపులో అందరూ తిరిగిపోతారు. 1967 నాటి ఫార్ములా వన్ కారుకు మూడు లీటర్ల ఇంజిను. లోటస్ 49లో ఉన్న ఫోర్డ్ కాస్‌వర్త్ ఇంజిను శక్తి సుమారు 400 హార్స్‌పవర్. నిబంధనల ప్రకారం కారు కనీస బరువు 500 కిలోలు. మన ఇళ్ళ ముందు నిలబడే చిన్న కారుకన్నా తేలిక, శక్తి మాత్రం దానికి అయిదారు రెట్లు. రెక్కలు లేవు. కారును నేలకు అదిమిపట్టే రెక్కలు ఫార్ములా వన్‌లోకి వచ్చింది ఆ మరుసటి ఏడాది, 1968లో. అంటే ఇక్కడ వేగం పెరిగిన కొద్దీ పట్టు పెరగదు. నాలుగు టైర్లు, వాటి మీద బరువు, అంతే.

ఆ బరువు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. బ్రేకు నొక్కితే ముందుకు, యాక్సిలరేటర్ నొక్కితే వెనక్కి, మలుపు తిరిగితే పక్కకు వాలుతుంది. బరువు వాలిన టైరు నేలను పట్టుకుంటుంది, బరువు తగ్గిన టైరు జారుతుంది. ఈ ఆట నేర్పే విద్య అంతా ఈ ఒక్క వాక్యమే. మిగతావన్నీ దీని పిల్లలు.

మా మావయ్య సాలూరులో లారీ డ్రైవరు. సాలూరంటే లారీల ఊరని మీకు చెప్పనక్కరలేదు. సుంకి మీదుగా కొరాపుట్ వెళ్ళే ఘాట్ రోడ్డులో ముప్ఫై ఏళ్ళు బండి నడిపాడు. నేను ఈ ఆటలో పదేపదే తిరిగిపోతున్న రోజుల్లో ఒకసారి మా ఇంటికి వచ్చి, నా వెనక నిలబడి కాసేపు చూశాడు.

“ఒరేయ్, మలుపులోకి వచ్చాక బ్రేకు నొక్కుతున్నావు. ముందే నొక్కి వదిలెయ్యాలి. మలుపులో బండికి ఒక్క పనే చెప్పాలి” అన్నాడు.

ఆయన ఆ ఆటను చూడడం అదే మొదటిసారి. అయినా తప్పు సరిగ్గా పట్టుకున్నాడు.

మొదటి వారం: చిన్న కారు, చిన్న ట్రాక్

ఆటలో శిక్షణ కార్లు రెండు ఉన్నాయి, బేసిక్ ట్రైనర్, అడ్వాన్స్‌డ్ ట్రైనర్. వీటి శక్తి తక్కువ. పేరు చూసి చిన్నచూపు చూడకండి. వారం రోజులు బేసిక్ ట్రైనర్‌తోనే తిరగండి. ట్రాక్ విషయంలో నా మాట వాట్కిన్స్ గ్లెన్. అమెరికాలోని ఈ ట్రాక్ అప్పట్లో 3.7 కిలోమీటర్లు. చిన్నది కాబట్టి అదే మలుపు నిమిషానికోసారి మళ్ళీ వస్తుంది, చేసిన తప్పు చేతికి ఇంకా గుర్తుండగానే దిద్దుకోవచ్చు. ఎత్తుకు ఎక్కే వంకర మలుపులు, పొడవాటి తిన్నని దారి, చుట్టు తిరిగి వచ్చే లూప్, అన్నీ ఉన్నాయి. కొందరు ఇటలీలోని మోంజాతో మొదలుపెట్టమంటారు, తిన్నగా ఉంటుంది కాబట్టి. నేను ఒప్పుకోను. తిన్నని దారిలో నేర్చుకునేది ఏమీ లేదు.

మొదటి రోజు లక్ష్యం ఒకటే: పది చుట్లు, ఒక్కసారి కూడా తిరిగిపోకుండా. సమయం చూడకండి. తిరిగిపోతే షిఫ్ట్, ఆర్ మీటలు కలిపి నొక్కితే కారు మళ్ళీ సిద్ధమవుతుంది. లెక్క మాత్రం ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఏడో చుట్టులో, ఎనిమిదో చుట్టులో పోయినప్పుడు గుండె నీరైపోతుంది. అయినా మొదటి నుంచే లెక్కపెట్టండి. తొమ్మిదో చుట్టులో మనసు ముందుకు ఉరుకుతుంటే కాలిని ఆపడం ఎలాగో అక్కడే తెలుస్తుంది.

ఒక మలుపు, దగ్గర నుంచి

ఇప్పుడు అసలు పని. కుడి వైపు తిరిగే మలుపు ఒకటి ముందుంది అనుకోండి. మీరు దారికి ఎడమ అంచున ఉన్నారు.

స్టీరింగ్ తిన్నగా ఉండగానే బ్రేకు నొక్కండి. మొదట గట్టిగా, తరువాత కొద్దికొద్దిగా వదులుతూ. ఆ పాత కార్లకు బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు లేదు. చక్రం ఆగిపోయి జారితే టైరు కీచుమంటుంది. ఆ శబ్దం వినగానే వేలి మందం కాలు ఎత్తాలి. మొత్తం ఎత్తకూడదు. బ్రేకు వేస్తూనే గేర్లు ఒక్కొక్కటిగా దించండి. అయిదు నుంచి మూడుకు ఒకేసారి దూకితే ఇంజిను వెనుక చక్రాల వేగాన్ని అందుకోలేక అవి ఒక్క క్షణం బిగుసుకుంటాయి, తోక అక్కడే జారుతుంది.

ఇప్పుడు బ్రేకు దాదాపు వదిలేశారు. ముందు చక్రాల మీద ఇంకా కొంచెం బరువు ఉంది. స్టీరింగ్ తిప్పాల్సింది ఇప్పుడే, మెల్లగా, ఒకే కదలికగా. ముక్కు లోపలి అంచు వైపు తిరుగుతుంది. అదే సమయంలో కుడి కాలు యాక్సిలరేటర్ మీద ఆనాలి. నొక్కడం కాదు, ఆనడం. కోడిగుడ్డు మీద కాలు పెట్టినంత బరువు. ఆ కొద్దిపాటి శక్తి వెనుక చక్రాల మీదికి బరువును తెచ్చి కారును కుదురుగా కూర్చోబెడుతుంది. అప్పుడొక విచిత్రం జరుగుతుంది. కారు మొత్తం, నాలుగు చక్రాలూ కలిసి, కొంచెం పక్కకు జారుతూనే మలుపు తిరుగుతుంది. స్టీరింగ్ దాదాపు తిన్నగా ఉంటుంది. ఇక దిశ మార్చేది మీ చేయి కాదు, కాలు. కాలు ఒక వెంట్రుక ఎత్తితే ముక్కు లోపలికి, ఒక వెంట్రుక దించితే బయటికి. ఆనాటి లోటస్ డ్రైవరు జిమ్ క్లార్క్ కాలం నాటి వాళ్ళు నడిపిన తీరు ఇదే. ఇది తొలిసారి మీ కాలికి అందిన రోజు మీకు నిద్ర పట్టదు.

తోక మరీ ఎక్కువ జారితే? ఇక్కడే అందరూ ఓడిపోతారు. భయంతో యాక్సిలరేటర్ నుంచి కాలు మొత్తం ఎత్తేస్తారు. ఎత్తగానే బరువు ముందుకు ఉరుకుతుంది, వెనుక టైర్లు తేలికైపోతాయి, ఉన్న పట్టు కూడా పోతుంది, కారు గిర్రున తిరుగుతుంది. తోక జారినప్పుడు కాలు ఉన్నచోటే ఉండనివ్వండి, లేదా సగం మాత్రమే తగ్గించండి. స్టీరింగును తోక జారుతున్న వైపుకే తిప్పండి. తోక వెనక్కి రావడం మొదలవగానే, వచ్చేశాక కాదు, స్టీరింగును తిన్నగా తెచ్చేయండి. ఆలస్యమైతే కారు రెండో వైపుకు కొరడాలా కొడుతుంది. ఇక నిలవదని తెలిసిపోతే క్లచ్, బ్రేకు రెండూ గట్టిగా నొక్కేయండి. ఇంజిను ఆగిపోదు, కారు తిన్నగా జారి ఆగుతుంది.

రాత్రి పడుకునే ముందు రీప్లే చూడండి. ఈ ఆటలో రీప్లేను ఏ చక్రం పక్క నుంచైనా, దారి పక్కన నిలబడినట్టూ చూడవచ్చు. మీరు తప్పు చేశాననుకున్న చోటు ఒకటి, నిజంగా తప్పు జరిగిన చోటు అంతకన్నా యాభై గజాల ముందు ఉంటుంది.

కారు ఎంచుకోవడం

ట్రైనర్లు లొంగాక అసలు కార్లలోకి రండి. ఏడు ఉన్నాయి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే కారు వెనుక కథ తెలిస్తే దాన్ని నడిపే తీరే మారుతుంది.

మొదట బ్రాబమ్ తీసుకోండి. ఆస్ట్రేలియాలో తయారైన రెప్కో వీ8 ఇంజిను, శక్తి మిగతావాటికన్నా తక్కువ, కానీ కారు తేలిక, మాట వింటుంది. 1967 ప్రపంచ చాంపియన్ అయింది ఈ కారు నడిపిన డెనీ హల్మ్. కారు తయారీదారూ, జట్టు యజమానీ అయిన జాక్ బ్రాబమ్ రెండో స్థానంలో నిలిచాడు. అందరికన్నా వేగమైన కారు గెలవలేదు, ఆగకుండా గమ్యం చేరిన కారు గెలిచింది.

ఆ అందరికన్నా వేగమైన కారు లోటస్ 49. 1967 జూన్ 4న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో తొలిసారి బరిలోకి దిగి, ఆ మొదటి రేసులోనే జిమ్ క్లార్క్ చేతిలో గెలిచింది. ఆటలో కూడా దీనిదే పైచేయి, అలాగే కోపం కూడా. ఇంజిను శక్తి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. రెండు నెలల తరువాతే దీన్ని ముట్టుకోండి.

ఫెరారీ 312 వీ12 ఇంజినుతో, చెవికి హాయిగా, కొత్తవారి పట్ల దయగా ఉంటుంది. బ్రాబమ్ తరువాత ఇది. ఈగల్ నా కంటికి రేసు కార్లన్నింటిలోకీ అందమైనది, పక్షి ముక్కులాంటి ముందుభాగంతో. డాన్ గర్నీ తాను కట్టుకున్న ఈ కారుతోనే 1967లో బెల్జియంలోని స్పా రేసు గెలిచాడు. అంతకు వారం ముందే లెమాన్స్ 24 గంటల రేసు కూడా గెలిచి వచ్చాడు. పొడవాటి, వేగమైన ట్రాక్‌లలో ఈగల్ తన విలువ చూపిస్తుంది.

బీఆర్ఎం బరువైనది. రెండు ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లను ఒకదాని మీద ఒకటి పేర్చి చేసిన పదహారు సిలిండర్ల ఇంజిను దానిది. బండి బరువు ఎలా వాలుతుందో నెమ్మదిగా చూపించే గురువు కావాలంటే ఇదే. మిగిలిన రెండింటి పేర్లు ఆటలో కవెంట్రీ, మురసామా. ఇవి నిజానికి కూపర్, హోండా. పేరు వాడుకునే హక్కు దొరకక అలా పెట్టారు. ఆ హోండాతోనే జాన్ సర్టీస్ 1967 మోంజా రేసును జాక్ బ్రాబమ్ కన్నా సెకనులో అయిదో వంతు తేడాతో గెలిచాడు. అదే రేసులో క్లార్క్ టైరు పంక్చరై ఒక చుట్టు మొత్తం వెనకబడి, అందరినీ మళ్ళీ దాటి ముందుకు వచ్చి, చివరి చుట్టులో పెట్రోలు అందక మూడోవాడయ్యాడు. ఆటలో మోంజాకు వెళ్ళిన ప్రతిసారీ ఆ చుట్టు గుర్తుకు వస్తుంది నాకు.

సెటప్: మూడు విషయాలు చాలు

గ్యారేజీలో మార్చదగినవి బోలెడు. తొలినాళ్ళలో మూడింటినే ముట్టుకోండి.

టైర్ల వేడి మొదటిది. నాలుగు చుట్లు తిరిగి వచ్చి చూస్తే ఒక్కో టైరుకు లోపలి అంచు, మధ్య, బయటి అంచు అని మూడు అంకెలు కనిపిస్తాయి. మధ్యది మిగతా రెండింటికన్నా ఎక్కువుంటే గాలి ఎక్కువైందని అర్థం, తక్కువుంటే తక్కువైందని. బ్రేకు పంపకం రెండోది. ముందు చక్రాల వాటా కొంచెం ఎక్కువ ఉంచుకోండి. మరీ ఎక్కువైతే కారు మలుపు తిరగకుండా తిన్నగా పోతుంది, తక్కువైతే బ్రేకు వేసినప్పుడు తోక తిరుగుతుంది.

మూడోది డిఫరెన్షియల్. చాలామంది దీని జోలికే పోరు, కానీ కారు గుణమంతా ఇక్కడే ఉంది. లారీ కింద వెనుక ఇరుసు మధ్యలో గుండ్రంగా కనిపించే ఆ భాగమే. రెండు వెనుక చక్రాలు ఎంత వేరుగా తిరగవచ్చో అది నిర్ణయిస్తుంది. ఆటలో దీనికి రెండు కోణాలు ఉంటాయి, ఒకటి యాక్సిలరేటర్ నొక్కినప్పటిది, రెండోది వదిలినప్పటిది. కోణం అంకె తగ్గిన కొద్దీ రెండు చక్రాలూ గట్టిగా కలిసి తిరుగుతాయి. వదిలినప్పటి కోణాన్ని 30 దగ్గర ఉంచండి. కాలు ఎత్తినప్పుడు కారు తిరిగిపోకుండా అది పట్టి ఉంచుతుంది. నొక్కినప్పటి కోణాన్ని మీ కాలు కుదిరాక కొద్దికొద్దిగా మార్చి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినది కాగితం మీద రాసుకోవాలి.

ట్రాక్‌లు: ఏది ముందు, ఏది తరువాత

ఆటలో 11 ట్రాక్‌లున్నాయి. వాట్కిన్స్ గ్లెన్ తరువాత దక్షిణాఫ్రికాలోని క్యాలమీ, జాండ్‌వోర్ట్, మెక్సికో, సిల్వర్‌స్టోన్ ఏ వరుసలోనైనా చేయవచ్చు. కెనడాలోని మోస్‌పోర్ట్ ఎత్తుపల్లాలతో కాస్త కఠినం. ఫ్రాన్స్ రేసు ఆ ఏడాది నిజంగా జరిగింది లెమాన్స్‌లో, కానీ ఆటలో దాని బదులు రూయెన్ పెట్టారు. కొండ దిగుతూ వేగంగా తిరిగే మలుపులున్న అందమైన దారి అది. అలా మార్చి మంచి పని చేశారు. మొనాకోను తొందరపడి తీసుకోవద్దు. రెండు పక్కలా గోడలు, చేయి కుదరనివారికి ప్రతి గజమూ ప్రమాదమే. 1967లో డ్రైవరు లోరెంజో బాందీని ప్రాణం పోయింది అక్కడి ప్రమాదం వల్లే.

స్పా 14.1 కిలోమీటర్లు. పొలాల మధ్య, ఇళ్ళ పక్క నుంచి పోయే మామూలు రోడ్లే. గర్నీ 1967లో గెలిచింది గంటకు 230 కిలోమీటర్లకు పైగా సగటు వేగంతో. మస్తా అనే చోట రెండు ఇళ్ళ మధ్య నుంచి దారి చిన్న వంకర తిరుగుతుంది. అక్కడ కాలు ఎంత ఎత్తారన్నదే మొత్తం చుట్టు సమయాన్ని తేలుస్తుంది. మొదట పూర్తిగా ఎత్తండి. తరువాత సగం. ఆ తరువాత మీ ఇష్టం.

ఇక జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్. 22.8 కిలోమీటర్లు, లెక్కపెట్టలేనన్ని మలుపులు, అడవి, కొండ. విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ సగం దారి వెళ్ళినంత. దీన్ని ఒకేసారి నేర్చుకోవాలనుకుంటే ఎప్పటికీ రాదు. ముక్కలు చేయండి. మొదటి రోజు హాట్సెన్‌బాహ్ మలుపుల దాకా మాత్రమే వెళ్ళి, ఆపి, మళ్ళీ మొదటికి రండి. ఆ మలుపులు నోటికి వచ్చాక ఫ్లూగ్‌ప్లాట్స్ దాకా. అక్కడ మిట్ట మీద నాలుగు చక్రాలూ గాలిలోకి లేస్తాయి. లేచే ముందే స్టీరింగ్ తిన్నగా ఉండాలి. నేల తాకేటప్పుడు చక్రం వంకరగా ఉంటే ఇక మీ చేతిలో ఏమీ ఉండదు. తరువాత ఫుక్స్‌రోరె, అడవిలోంచి బావిలోకి దిగినట్టు పల్లం. దాని అడుగున ఊపు మీద ఉన్నవాళ్ళందరినీ వెంటనే ఎదురయ్యే అడెనావర్ ఫోర్స్ట్ నెమ్మది మలుపు పట్టుకుంటుంది. అక్కడ బ్రేకు వేయాల్సిన చెట్టును గుర్తుపెట్టుకోండి. బెర్గ్‌వెర్క్ నుంచి ఎత్తు ఎక్కి కారుసెల్ అనే గిన్నెలాంటి కాంక్రీటు మలుపు. కారును ఆ గిన్నెలోకి దించేయండి, అదే తిప్పి బయటకు విసురుతుంది. ఇలా రోజుకు రెండు కిలోమీటర్లు నేర్చుకున్నా రెండు వారాల్లో మొత్తం మీదే.

1967లో క్లార్క్ అక్కడ చేసిన అత్యుత్తమ అర్హత సమయం 8 నిమిషాల 4.1 సెకన్లు. మీకు మొదట్లో పది నిమిషాలు పట్టినా అది మంచి చుట్టే.

మొదటి రేసు

రేసు పొడవు ఎంపికల్లో నోవిస్ తీసుకోండి, చుట్లు తక్కువ. మొదలయ్యేటప్పుడు టైర్లు చల్లగా ఉంటాయి, పెట్రోలు ట్యాంకు నిండుగా ఉంటుంది. అప్పటిదాకా మీకు తెలిసిన కారు అది కాదు. మొదటి చుట్టు బ్రేకులన్నీ ఇరవై గజాలు ముందుగా వేయండి. జెండా ఊగగానే ఇంజినును మధ్యస్థ వేగంలో ఉంచి క్లచ్ మెల్లగా వదలండి. పక్కవాళ్ళు దూసుకుపోతే పోనివ్వండి. రెండో చుట్టులో వాళ్ళలో కొందరు గడ్డిలో కనిపిస్తారు.

అభిమానులు ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఆటకు కొత్త ట్రాక్‌లు వందల కొద్దీ, 1965, 1966, 1969 ఏళ్ళ కార్లు చేర్చారు. వాటిని నిర్వహించడానికి జెమ్ ప్లస్ అనే చిన్న ప్రోగ్రామ్ వాడాలి. ఇవి తరువాతి సంగతి. ముందు ఉన్న పదకొండింటినీ ఒక్కసారి కూడా తిరిగిపోకుండా పూర్తి చేయండి.

కిందటి సంక్రాంతికి మావయ్య వచ్చినప్పుడు ఆయన్ను కూర్చోబెట్టాను. చెక్క కుర్చీని ఆయనే ఒక జానెడు ముందుకు జరుపుకుని, పెడల్స్ మీద చెప్పులు విప్పి పాదాలు పెట్టాడు. బ్రాబమ్, నూర్‌బర్గ్‌రింగ్. నేను పక్కన నిలబడి తరువాత వచ్చే మలుపు ఎటో చెబుతూ వచ్చాను. ఎత్తు ఎక్కిన గేరులోనే పల్లం దిగాడు. ఫ్లూగ్‌ప్లాట్స్ మిట్ట ముందు, నేను చెప్పకముందే, కాలు ఎత్తాడు. ఫుక్స్‌రోరె అడుగున అడెనావర్ ఫోర్స్ట్ మలుపుకు అందరికన్నా చాలా ముందే బ్రేకు వేసి, వదిలి, తిప్పాడు. ఒక్కసారి కూడా తిరిగిపోలేదు. చుట్టు పూర్తి కావడానికి పద్నాలుగు నిమిషాలకు పైనే పట్టింది. కారును పక్కకు తీసి ఆపి, చేతులు స్టీరింగ్ మీద నుంచి తీయకుండానే అడిగాడు:

“వెనక బరువు ఇంత తేలిగ్గా కదులుతోంది. ఇంజిను సీటు వెనక ఉందా దీనికి?”

అవునన్నాను. తల ఊపి, ఇంకొక చుట్టు వెయ్యమన్నాడు.